వాడేసిన నూనె విమానాలకు పోతుందట, కాగితం మీద సంతకం అడుగుతున్నారు. పెట్టవచ్చా?

ప్రశ్న అడిగినవారు: రేణిగుంట బజ్జీలు

రేణిగుంట స్టేషన్‌కు దగ్గరలో మాది బజ్జీలు, పునుగులు, మసాలా వడలు వేసే అంగడి. సాయంత్రం నాలుగింటికి పొయ్యి వెలిగిస్తే రాత్రి పదింటి దాకా మూకుడు దించం. వారానికి ఒక పదిహేను కిలోల డబ్బా నిండేంత వాడేసిన నూనె మిగులుతుంది. ఇంతకాలం ఒక పెద్దాయన వచ్చి పట్టుకుపోయేవాడు. ఎక్కడికి అని అడిగితే సబ్బులకు అనేవాడు. సబ్బులకో, ఇంకో బండి మీద మూకుడులోకో ఆ వెంకన్నకే తెలియాలి.

ఇప్పుడు కొత్త కుర్రవాడు వస్తున్నాడు. చొక్కా మీద కంపెనీ బొమ్మ, చేతిలో కాటా, ఫోనులో రసీదు. కిలోకు నలభై రూపాయలు ఇస్తానంటున్నాడు. పెద్దాయన ఇచ్చేదానికంటే బాగా ఎక్కువ. "మీ నూనెతో విమానం ఎగురుతుంది అక్కా" అని నవ్వుతాడు. డబ్బులు ఇచ్చేముందు మాత్రం ఒక కాగితం తీస్తాడు. ఈ నూనె వంటకు వాడగా మిగిలినదేననీ, కొత్త నూనె ఏమీ కలపలేదనీ, అవసరమైతే ఎవరైనా వచ్చి తనిఖీ చేసుకోవచ్చనీ అందులో ఉంది. కింద సంతకం, ఫోను నంబరు, అంగడి చిరునామా. కుళ్లు నూనె కొనుక్కోవడానికి ఇంత పత్రం ఎందుకు?

నాకు ఇలాంటి మాటలంటే ముందే భయం. పీలేరు దగ్గర మా నాన్న మెట్ట పొలంలో అడవి ఆముదం పెట్టించారు. డీజిల్ చెట్టు, నీళ్లు అక్కరలేదు, పశువులు ముట్టవు, గింజలు మేమే కొంటాం అని చెప్పినవాళ్లు కాయలు కాసేసరికి కనిపించలేదు. చివరికి ఆ చెట్లు పీకించడానికి యంత్రానికి డబ్బు కట్టింది మా నాన్నే.

మా అబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు. వాడు ఫోనులో చూసి, చెరుకుతో చేస్తారు, మామిడి తొక్కతో చేస్తారు, చెత్తతో చేస్తారు, చివరికి గాలితో కూడా విమాన ఇంధనం చేస్తారు అంటున్నాడు. గాలితోనే అయ్యేటప్పుడు నా డబ్బా వెంట ఎందుకు పడుతున్నట్టు? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: పాత రిఫైనరీ (తిరుపతి)

అమ్మా, మీ ఆఖరి ప్రశ్న చాలా మంచిది. ఉద్యోగంలో ఉన్నప్పుడు పెద్ద పెద్ద సమావేశాల్లో కూడా అది అడిగినవాళ్లు తక్కువ. నేను రిఫైనరీలో హైడ్రోజన్ యూనిట్ వైపు పనిచేసి రిటైర్ అయ్యాను, ఇప్పుడు ఎం.ఆర్.పల్లిలో ఉంటున్నాను. కాస్త పొడుగ్గా చెబుతాను, ఓపిక చేసుకోండి.

విమాన కిరోసిన్‌లో ఉండేది కార్బన్, హైడ్రోజన్. సుమారు 8 నుంచి 16 కార్బన్ల పొడవున్న అణువులు. దాన్ని భూమిలోంచి తీయకుండా తయారు చేస్తామని ఎవరు చెప్పినా నేను రెండే అడుగుతాను. కార్బన్ ఎక్కడిది? హైడ్రోజన్ ఎక్కడిది? ఈ రెండింటికీ జవాబు వస్తే ఖర్చు ఎంతో, అది మన జీవితకాలంలో జరిగే పనో కాదో దాదాపుగా తేలిపోతుంది.

మీ నూనె సంగతి చూద్దాం. నూనె అణువు అంటే గ్లిజరిన్‌కు తగులుకున్న మూడు పొడుగాటి గొలుసులు. ఒక్కో గొలుసులో ఎక్కువగా 16 లేదా 18 కార్బన్లు, వాటి నిండా హైడ్రోజన్. అంటే కిరోసిన్‌కు కావలసిన సరుకు తొంభై పాళ్లు ఆ మొక్కే చేసిపెట్టింది. అడ్డం వచ్చేది చివర్లో ఉన్న ఆక్సిజన్. 300 డిగ్రీలకు పైగా వేడిలో, బాగా ఒత్తిడిలో, ఉత్ప్రేరకం (తాను ఖర్చవకుండా రసాయన చర్యను వేగం చేసే పదార్థం) మీదుగా హైడ్రోజన్‌తో కలిపి పంపితే ఆ ఆక్సిజన్ కొంత నీరుగా, కొంత కార్బన్ డయాక్సైడ్‌గా వెళ్లిపోతుంది. గ్లిజరిన్ భాగం ప్రొపేన్ వాయువు అవుతుంది. మీ మూకుడు వాసన, నలుపు ఏవీ మిగలవు. బయటికి వచ్చేది నీళ్లలా తెల్లగా ఉంటుంది.

అయినా అది ఇంకా విమానానికి పనికిరాదు. డిసెంబరు ఉదయం పామోలిన్ డబ్బా అడుగున గడ్డకట్టడం మీరు చూసే ఉంటారు. పది కిలోమీటర్ల ఎత్తులో బయట చలి సున్నాకు యాభై డిగ్రీలు కింద. మనం వాడే జెట్ ఏ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దాకా గడ్డకట్టకూడదని నియమం. తిన్నగా ఉన్న గొలుసులు చలికి పక్కపక్కన సర్దుకుని మైనం అయిపోతాయి. అందుకని రెండో రియాక్టరులో వాటిని కొంత తుంచి, కొమ్మలు వచ్చేలా మారుస్తారు. కొమ్మలున్న అణువులు అంత సులువుగా సర్దుకోలేవు. ఈ పద్ధతిని హెఫా అంటారు. 2011లోనే దీనికి అంతర్జాతీయ ప్రమాణం ఏఎస్‌టీఎం డీ7566 కింద అనుమతి వచ్చింది, మామూలు ఇంధనంలో సగం దాకా కలపవచ్చు. ఇవాళ ప్రపంచంలో అమ్ముడవుతున్న పునరుత్పాదక విమాన ఇంధనంలో అత్యధిక భాగం ఇలా చేసిందే.

ఒక సంగతి గుర్తుంచుకోండి. నూనెలో మిథనాల్ కలిపి చేసే బయోడీజిల్ వేరు, ఇది వేరు. బయోడీజిల్‌లో ఆక్సిజన్ అలాగే ఉండిపోతుంది. విమాన ఇంధనంలో బయోడీజిల్ పొరపాటున కిలోకు 50 మిల్లీగ్రాములకు మించి కలిసినా ఆ సరుకు తీసుకోరు. మీ కుర్రవాడు పట్టుకెళ్లే నూనె బయోడీజిల్ కేంద్రానికి వెళుతుందో, పానిపట్ లాంటి చోటికి వెళుతుందో అతనికి కూడా తెలియకపోవచ్చు. పానిపట్ రిఫైనరీకి వాడిన వంటనూనెతో విమాన ఇంధనం చేయడానికి 2025 ఆగస్టులో అంతర్జాతీయ ధ్రువీకరణ వచ్చింది, ఏడాదికి 35,000 టన్నులు చేస్తామన్నారు. కాబట్టి అతను చెప్పింది గాలి మాట కాదు.

మరి గాలితో చేయడం? అదీ నిజమే. కాకపోతే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ అంటే పూర్తిగా కాలిపోయిన కట్టె బూడిద లాంటిది. దాన్ని మళ్లీ కట్టె చేయాలంటే కాలినప్పుడు వచ్చిన శక్తి అంతా, ఇంకా పైన కొంత, మనమే పెట్టాలి. నీటిని కరెంటుతో విడగొట్టి హైడ్రోజన్ తీయాలి, దాన్ని కార్బన్‌తో కలపాలి. ఒక్క లీటరు ఇంధనానికి సుమారు ఇరవై యూనిట్లకు పైగా కరెంటు పడుతుంది. అదీ ఎండ నుంచో గాలి నుంచో వచ్చిన కరెంటు అయితేనే అర్థం ఉంది, బొగ్గు కరెంటుతో చేస్తే బొగ్గు కాల్చి విమానం నడిపినట్టే. రసాయన శాస్త్రంలో కొత్తేమీ లేదు. ఫిషర్, ట్రోప్ష్ అనే ఇద్దరు జర్మన్లు 1920లలోనే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిపి ద్రవ ఇంధనం చేశారు. దక్షిణాఫ్రికా బొగ్గుతో దశాబ్దాల పాటు అదే పని చేసింది. ధరే అసలు చిక్కు.

మీ డబ్బా వెంట పడుతున్నది అందుకే. పని అంతా మొక్క, నూనె మిల్లు, మీ పొయ్యి కలిసి చేసేశాయి. కంపెనీకి మిగిలింది ఆక్సిజన్ తీసి, గొలుసులకు కొమ్మలు తెప్పించడమే.

ఎంత ఇంధనం అవుతుందో కూడా చెబుతాను, నవ్వుకోండి. మీ పదిహేను కిలోల డబ్బాలో ఏడెనిమిది కిలోలు విమాన ఇంధనంగా మారుతుంది. మిగిలినది డీజిల్, నాఫ్తా, వాయువులు, నీరు. ఏ320 రకం విమానం గాలిలో గంటకు సుమారు 2,400 కిలోలు తాగుతుంది. మీ వారం రోజుల బజ్జీలు దాన్ని పది పన్నెండు సెకన్లు మోస్తాయి.

ఇక సంతకం. వాడేసిన నూనె వ్యర్థం కాబట్టి, దాన్ని పండించడానికి అయిన కాలుష్యాన్ని దాని లెక్కలో వేయరు. విమానాల కాలుష్యం కోసం అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన కోర్సియా పథకం లెక్కల్లో మామూలు జెట్ ఇంధనానికి ఒక మెగాజౌల్ శక్తికి 89 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అయితే, వాడిన వంటనూనెతో చేసినదానికి 13.9 గ్రాములే. ఆ కొంచెం కూడా సేకరణకు, రవాణాకు, రిఫైనరీలో సహజవాయువు నుంచి తీసే హైడ్రోజన్‌కు అయ్యేది. అదే తాజా పామాయిల్ తెచ్చి చేస్తే, మిల్లు మురుగు చెరువులను కప్పకుండా మీథేన్ వాయువును గాలిలోకి వదిలేసిన చోట, అడవి నరికి తోట వేసిన లెక్క కూడా కలిపితే ఆ అంకె 89ని దాటిపోతుంది. పెట్రోలియమే నయం అన్నమాట! కొత్త పామాయిల్‌లో కాస్త నలుపు కలిపి వాడిన నూనె అని అమ్మేస్తే లాభం ఎంతో ఊహించండి. ఐరోపాలో ఈ అనుమానం మీద పెద్ద గొడవే నడిచింది. అందుకని నూనె పుట్టిన చోటు నుంచి, అంటే మీ మూకుడు దగ్గరి నుంచి, కాగితం మొదలవ్వాలి. పెట్టండి సంతకం. ఒక నకలు మాత్రం మీ దగ్గర ఉంచుకోండి.

జవాబు: చెరుకుతోట

పెద్దాయన బాగా చెప్పారు. నాది చిత్తూరు వైపు, చెరుకు వేసి బెల్లం వండే కుటుంబం. చుట్టుపక్కల చక్కెర మిల్లులు మూతపడ్డాక గానుగే దిక్కు. ఇప్పుడు ఇథనాల్‌తో విమాన ఇంధనం, రైతుకు బంగారు కాలం అని ఊదరగొడుతున్నారు. అక్క చెప్పిన అడవి ఆముదం కథ మా ఊళ్లోనూ జరిగింది. 2018లో ఆ గింజల నూనెతోనే దేహ్రాదూన్ నుంచి దిల్లీకి విమానం నడిపారని పేపర్లో ఫోటోలు వేశారు. అది ఎగిరితే మాకేం ఒరిగింది? చెరుకు సంగతి కూడా ఇంతేనా, సూటిగా చెప్పండి సార్.

జవాబు: పాత రిఫైనరీ (తిరుపతి)

సూటిగానే చెబుతాను తమ్ముడూ. 2018 ఆగస్టు 27న ఆ విమానం ఎగిరింది నిజం. దేహ్రాదూన్‌లోని భారతీయ పెట్రోలియం సంస్థ శాస్త్రవేత్తలు ఆ ఇంధనం చేశారు, 25 శాతం కలిపారు. తర్వాత 2019 గణతంత్ర దినోత్సవ కవాతులో వాయుసేన ఏఎన్-32 విమానం 10 శాతం కలిపిన ఇంధనంతో ఎగిరింది. ప్రయోగశాల వాళ్ల పని గొప్పదే, దాన్ని నేను తక్కువ చేయను. ఓడిపోయింది పొలంలో. నీళ్లు లేకపోయినా ఆ చెట్టు బతుకుతుంది, కాయదు. బతకడానికీ కాయడానికీ మధ్య ఉన్న తేడా మెట్ట రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు, అయినా ఎవరూ రైతును అడగలేదు. పైగా నూనె తీశాక మిగిలే పిండి విషం, పశువులకు పెట్టలేం. వేరుశనగ అయితే నూనె పోయినా చెక్క మిగులుతుంది, కట్టె మిగులుతుంది.

చెరుకు దారి వేరు. ఇథనాల్‌లోంచి నీటిని లాగేస్తే ఇథిలీన్ వాయువు వస్తుంది. అది రెండు కార్బన్ల ముక్క. ఆ ముక్కలను ఒకదానికొకటి అతికించి పొడుగు చేసి, హైడ్రోజన్ పట్టించి, కిరోసిన్ భాగాన్ని వేరు చేస్తారు. 2018 నుంచి ఇథనాల్‌కు ఈ అనుమతి ఉంది. 2023 మే 19న పుణె నుంచి దిల్లీకి ఒక ప్రయాణికుల విమానం మన చెరుకు మొలాసిస్ నుంచి చేసిన ఇంధనాన్ని ఒక శాతం దాకా కలుపుకుని వెళ్లింది.

లెక్క మాత్రం కఠినం. 46 గ్రాముల ఇథనాల్‌లో 18 గ్రాములు నీరుగానే పోతుంది, 28 మిగులుతుంది. ఒక కిలో ఇంధనానికి రెండు లీటర్లకు పైగా ఇథనాల్ కావాలి. అదే ఇథనాల్‌ను పెట్రోలులో 20 శాతం కలుపుతున్నారు. అక్కడ ఎలాంటి మార్పిడి లేకుండా లీటరుకు లీటరు అమ్ముడవుతుంది. డిస్టిలరీ వాడు ఎటు మొగ్గుతాడు? ప్రభుత్వం నియమం పెట్టి లాగితే తప్ప విమానం వైపు రాదు. మన దేశంలో అంతర్జాతీయ విమానాలకు 2027లో 1 శాతం, 2028లో 2 శాతం, 2030లో 5 శాతం అని లక్ష్యాలు ప్రకటించారు. ఆ లాగుడు మొదలైనా మొలాసిస్ మిగిలే ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర మిల్లులకే ముందు లాభం. బోర్లు వెయ్యి అడుగులకు దిగిన మన దగ్గర విమానం కోసమని కొత్తగా చెరుకు పెట్టమని ఎవరైనా చెబితే, ముందు కొనుగోలు ఒప్పందం చూపించమనండి. ధర, ఏళ్లు, సంతకం, మూడూ ఉండాలి.

మామిడి గురించి కూడా అమ్మ అబ్బాయి అడిగాడు కదా. గుజ్జు ఫ్యాక్టరీల బయట జూన్, జూలైలలో తోతాపురి తొక్క, టెంకల గుట్టలు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. టెంక లోపలి జీడిలో పదో వంతు దాకా కొవ్వు ఉంటుంది. దాన్ని చాక్లెట్లలో కొకో వెన్నకు బదులుగా, సౌందర్య సాధనాల్లో కొంటారు. ఆ ధర విమాన ఇంధనం ఎప్పటికీ ఇవ్వలేదు. పై పెంకును గ్యాస్ చేసి ఫిషర్, ట్రోప్ష్ దారిలో ఇంధనం చేయవచ్చు, పుస్తకం ప్రకారం. ఏడాదిలో రెండు నెలలు వచ్చే తడి సరుకుతో ఏడాది పొడవునా ఆగకుండా నడవాల్సిన ఫ్యాక్టరీని ఎలా నడుపుతారు? అమెరికాలో నెవాడా రాష్ట్రంలో ఫుల్‌క్రమ్ అనే సంస్థ నగర చెత్తతో ఇదే దారిలో వెళ్లి 2024లో దివాలా తీసింది. చెత్త ఏ రోజూ ఒకే రకంగా ఉండదు. ఉత్ప్రేరకానికి మాత్రం ప్రతి రోజూ ఒకే రకం శుభ్రమైన గ్యాస్ కావాలి.

జవాబు: రెక్కల కింద

నేను చంద్రగిరి వాడిని, వేరే రాష్ట్రంలో ఒక పెద్ద విమానాశ్రయంలో ఇంధనం నింపే పనిలో ఉన్నాను. అందరూ అడిగే ప్రశ్నకు జవాబు రాస్తాను. దీనికి వేరే ట్యాంకు, వేరే గొట్టం, వేరే విమానం ఉండవు. కలపడం అంతా మా దాకా రాకముందే పూర్తవుతుంది. కలిపిన తర్వాత పరీక్షల్లో నెగ్గితే దాన్ని మామూలు జెట్ ఏ-1 అనే పిలుస్తారు. మేము ఎప్పటిలాగే గాజు సీసాలోకి పట్టి తేటగా ఉందో లేదో చూస్తాం, నీటి పరీక్ష చేస్తాం, ఎక్కిస్తాం. అందులో ఎవరి బజ్జీ నూనె ఉందో మాకూ పైలట్‌కూ తెలియదు.

సగానికి మించి ఎందుకు కలపరంటే, ఇలా చేసిన ఇంధనంలో అరోమాటిక్ అణువులు, అంటే కార్బన్లు ఉంగరంలా కలిసి ఉండేవి, దాదాపుగా ఉండవు. పాత విమానాల రబ్బరు సీళ్లు అవి తగిలితేనే ఉబ్బి బిగుతుగా కూర్చుంటాయి. లేకపోతే కారే ప్రమాదం. 2023 నవంబరు 28న వర్జిన్ అట్లాంటిక్ వాళ్లు లండన్ నుంచి న్యూయార్క్‌కు పెట్రోలియం చుక్క లేకుండా బోయింగ్ 787 నడిపారు. అప్పుడు కూడా 88 శాతం నూనె, కొవ్వుల నుంచి చేసినది అయితే, మిగతా 12 శాతం మొక్కల చక్కెరల నుంచి తయారు చేసిన అరోమాటిక్ కిరోసిన్. దానికి ప్రత్యేక అనుమతి తీసుకున్నారు.

రేణిగుంటలో దిగే విమానంలో రేణిగుంట నూనె ఉండాలని అక్క కోరుకుంటే మాత్రం నిరాశే. ఫలానా ఎయిర్‌లైన్ డబ్బు కడుతుంది, ఇంధనం రిఫైనరీకి దగ్గరున్న విమానాశ్రయంలో ఇంకెవరి రెక్కలోకో వెళుతుంది. కాలుష్యం తగ్గిన లెక్క మాత్రం డబ్బు కట్టినవాళ్ల ఖాతాలో పడుతుంది. ట్యాంకరు లారీని దేశం ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపి డీజిల్ కాల్చడం కంటే ఇదే మేలు.

జవాబు: రేణిగుంట బజ్జీలు

అందరికీ దండాలు. పది పన్నెండు సెకన్లు అని చదివి మా ఆయన ఒకటే నవ్వు. "ఇన్ని మిరపకాయలు కోసింది రెక్క ఒకసారి వంగడానికా" అంటున్నాడు. మా అబ్బాయి ఆ 46, 28 లెక్క కాగితం మీద వేసి చూసుకుని, సరిగ్గానే ఉందన్నాడు.

రెండు సందేహాలు మిగిలాయి. డబ్బా బరువు తూగడానికి కొందరు నీళ్లు కలుపుతున్నారట, కుర్రవాడు ఒకచోట పట్టుకుని గొడవ పడ్డాడు. నీళ్లు ఉంటే నిజంగా అంత నష్టమా, ఎలాగూ కాచి మరిగించేదే కదా? రెండోది, ఆదివారాలు మేము చికెన్ పకోడీ కూడా వేస్తాం. మూకుడు వేరే, కానీ మిగిలిన నూనె అంతా ఒకే డబ్బాలో పోస్తున్నాం. ఆ కాగితంలో జంతువుల కొవ్వు గురించి ఒక గడి ఉంది. దాంట్లో ఏం రాయాలి?

జవాబు: పాత రిఫైనరీ (తిరుపతి)

నీళ్లు ఉంటే నూనె నిలవలో విడిపోయి ఆమ్లం పెరుగుతుంది, ట్యాంకులు తినేస్తుంది. బరువు తూచి డబ్బు ఇచ్చేవాడికి నీళ్లు కొన్న బాధ ఎలాగూ ఉంది. నీళ్లకంటే చెడ్డది ఉప్పు. అందులోని క్లోరిన్, సోడియం ఉత్ప్రేరకాన్ని పాడు చేస్తాయి, అది పోతే కోట్ల ఖర్చు. అందుకే రిఫైనరీకి వెళ్లే ముందు ఎక్కడో ఒకచోట కడిగి, వడగట్టి, ఆరబెట్టే ప్రక్రియ ఉంటుంది. మీరు చేయగలిగింది చల్లారాక సన్నటి జల్లెడలో వడగట్టి, మాడిన పిండి ముక్కలు తీసేసి, మూత పెట్టడం. అంతకుమించి అక్కరలేదు.

ఒకటి తప్పకుండా చూసుకోండి. మూకుడులో నూనెను ఎంతకాలం వాడవచ్చో ఆహార భద్రతా సంస్థ 2018లోనే హద్దు పెట్టింది. నూనె పదేపదే కాగి చెడినప్పుడు పుట్టే ధ్రువ సమ్మేళనాలు 25 శాతం దాటితే వంటకు పనికిరాదు. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడేవాళ్లు లెక్కల పుస్తకం రాయాలి, గుర్తింపు ఉన్న సేకరణ సంస్థకే ఇవ్వాలి. మీరు అంత వాడరు. అయినా కుర్రవాడి సంస్థకు ఆ గుర్తింపు ఉందో లేదో పత్రం చూపించమనండి. చూపించకపోతే అతను కూడా పాత పెద్దాయనలాంటివాడే, చొక్కా మాత్రమే కొత్తది.

చికెన్ నూనె కలిసినంత మాత్రాన ఇంధనం కాకుండా పోదు. రియాక్టరుకు కోడి కొవ్వు, పామోలిన్ ఒకటే, రెండూ అవే గొలుసులు. కాగితంలో మాత్రం పూర్తిగా మొక్కల నూనె ఒక రకం, జంతువుల కొవ్వు కలిసినది ఇంకో రకం. కొన్ని దేశాల్లో రెండోదానికి నియమాలు వేరు. కలిపేసి మొక్కల నూనె అని రాస్తే రేపు తనిఖీలో మీ పేరు వస్తుంది. ఆదివారం నూనెకు ఇంకో డబ్బా పెట్టి, మూత మీద రంగు వేయండి. ఆ డబ్బాకు కిలోకు ఎంత ఇస్తాడో ముందే అడిగి, ఆ ధర కూడా కాగితం మీదే రాయించుకోండి.